పాత స్కూటరు – కొత్త చక్రములు

గృహిణి తన యింటిలోని వస్తువుల మంచిచెడ్డలు తెలిసి మెలగవలెనని పెద్దలు చెప్పుదురు. బియ్యపు డబ్బాలో పురుగు పట్టినదో లేదో, గ్యాసుపొయ్యి గొట్టము పాతబడినదో లేదో, ఇస్త్రీపెట్టె తీగ తెగినదో లేదో మనము చూచుచునే యున్నాము. కాని మనలను, మన బిడ్డలను ఊరినుండి ఊరికి మోయుచున్న స్కూటరు చక్రమును మనలో ఎందరము వంగి చూచితిమి? అది మగవారి పని యని వదలివేయుట మనకు అలవాటైనది. వెనుకవైపున, ఒక ప్రక్కకు కాళ్లు వ్రేలవైచి, ఒడిలో బిడ్డతోనో చేతిలో సంచితోనో కూర్చుండువారము మనమే గదా! చక్రమునకు హాని కలిగి బండి తూలినప్పుడు పట్టు చాలక నేలబడుట మనకే సులువు. కావున ఈ విషయమునుగూర్చి నేను విని, చూచి తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవింప దలచితిని.

మాది జగ్గయ్యపేట, నా పుట్టినిల్లు నందిగామ. ఈ రెండూళ్లును 2022వ సంవత్సరము ఏప్రిలు నెలనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. అయినను మా పెద్దల నోట నేటికిని ఇది కృష్ణాజిల్లా మెట్టయే. పూర్వము 9వ నంబరనియు, ఇప్పుడు 65వ నంబరనియు పిలువబడు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మా యూరికి చేరువనున్న చిల్లకల్లు మీదుగా నందిగామకు పోవును. నడుమ దూరము సుమారు 30 కిలోమీటర్లు. మా ప్రాంతమున సున్నపురాయి విస్తారము; సిమెంటు ఫ్యాక్టరీలు కలవు. కావున సిమెంటు లారీలు రేయింబవళ్లు నడచుచుండును. పంటకాలమున మిర్చి బస్తాల బండ్లు, పత్తి బండ్లు వానికి తోడగును. లారీలనుండి రాలిన మేకులు, ఇనుపముక్కలు రోడ్డు అంచున చేరును. ఊళ్లలోనికి మరలితిమా, డొంకదారుల వెంట తుమ్మముండ్లు, పల్లేరుకాయలు సిద్ధముగా నుండును. వానలలో మునేరు పొంగినప్పటి సంగతి చెప్పనక్కరలేదు; 2023 జులై నెలలో నందిగామకు దిగువనున్న ఐతవరమువద్ద వరదనీరు రహదారి మీదికే వచ్చి రాకపోకలు నిలిచిపోయినవి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకును, వేదాద్రి నరసింహస్వామి దర్శనమునకును కుటుంబములకు కుటుంబములు స్కూటర్లమీదనే పోవుచుందురు. ఇట్టి చోట చక్రము మంచిదై యుండుట వేడుకకు కాదు, ప్రాణరక్షణకు.

మా యింట నొక బజాజు చేతకు స్కూటరు కలదు. మామగారు కొన్నది. చేతకన్నది మహారాణా ప్రతాపుని గుఱ్ఱము పేరని మన కందఱకును తెలిసినదే. ఇటలీ దేశపు పియాజియో కంపెనీ 1946లో వెస్పా యను స్కూటరును వెలువరించెను. మన దేశమున బజాజు వారు 1960 ప్రాంతమున ఆ వెస్పానే తయారుచేసి, ఆ ఒప్పందము ముగిసిన పిదప 1972లో తమ పేరున చేతకును తెచ్చిరి. ఆ దినములలో డబ్బు కట్టి సంవత్సరముల తరబడి వేచియున్నగాని బండి చేతికి వచ్చెడిది కాదు. పెండ్లిలో అల్లునికి స్కూటరు పెట్టుట గొప్పగా చెప్పుకొనిన కాల మది. పిదప మోటారు సైకిళ్లు ప్రబలినవి. గేర్లు లేని బండ్లు వచ్చినవి. గేర్ల చేతకు తయారీ నిలిచిపోయి యిరువదేండ్లు కావచ్చినది. 2009లో ఆ కంపెనీ స్కూటర్లనే మానుకొన నిశ్చయించెను. 2020లో అదే పేరుతో విద్యుత్తు బండిని అమ్మ మొదలిడెనుగాని, అది వేరు జాతి. పాత చేతకులు, వెస్పాలు, లాంబ్రెట్టా వంశపు విజయ్ సూపరులు మా వైపు ఇంకను అక్కడక్కడ నడచుచునే యున్నవి. కొందఱు గడనకై, కొందఱు మమకారముచేత వానిని నిలుపుకొనుచున్నారు.

ఈ బండ్ల చక్రము నిర్మాణము తెలిసినగాని తక్కిన సంగతి తెలియదు. వెస్పాను కల్పించిన కొరాడీనో డాస్కానియో యనునతడు విమానముల ఇంజనీరు. దారిలో టైరు చెడినను బట్టలు మాయకుండ సులువుగా మార్చుకొనునట్లు అతడు చక్రమును ఒక్క ప్రక్కనే ఇరుసుకు బిగించునట్లు చేసెను. చక్రము బ్రేకు డ్రమ్మునకు ఐదు నట్లతో నిలుచును. ఆ రిమ్ము కూడ ఒక్క ముక్క కాదు. రెండు ఉక్కు పళ్లెములను ఒకదాని కొకటి ఆనించి నట్లతో కలిపినట్లుండును. నట్లు విప్పితిమేని రెండు సగములు విడిపోవును. టైరును కడ్డీలతో పెకలించు పని లేదు. లోపల రబ్బరు ట్యూబు, దానిలోనే గాలి. వెనుక డొప్పలోనో, ముందు కాళ్లవద్దనో అదనపు చక్రము స్టెప్నీ యుండును. వేల్సు దేశమున లనెథ్లీ యను నూరిలో స్టెప్నీ వీథి యొకటి కలదనియు, 1904లో అచ్చటి అన్నదమ్ములు కార్లకు అదనపు చక్రము తయారుచేసి ఆ వీథి పేరు పెట్టిరనియు తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చినది. వారి దేశమున మరుగుపడిన మాట మన పంక్చరు కొట్లలో నిత్యము వినబడుచున్నది.

ఈ నిర్మాణమున సుగుణము లేకపోలేదు. ఏ కుగ్రామముననైనను ఒక స్పానరు, ఒక అతుకు, కొంచెము సొల్యూషను ఉన్న చాలును. బండి మరల నడచును. అందుచేతనే అరువదేండ్లు మన దేశమున ఈ చక్రము చెల్లినది. దాని దోషమంతయు గాలి పోవు తీరులో నున్నది. ట్యూబు పలుచని రబ్బరు. గాలితో బిగిసి యుండును. మేకు దిగినంతనే ఉబ్బిన బూరకు సూది గ్రుచ్చినట్లు ఆ రంధ్రము చీలి పెద్దదగును. వెలువడిన గాలి టైరునకును ట్యూబునకును నడుమ చేరి, వాల్వు రంధ్రమునుండియు, రెండు సగముల అతుకునుండియు బయటికి పోవును. కొన్ని క్షణములలో టైరు చదునగును. 10 అంగుళముల చిన్న చక్రము గనుక, బరువంతయు వెనుకనే మోయు బండి గనుక, ఆ కొన్ని క్షణములును మిక్కిలి ప్రమాదకరములు.

అది నాకు అనుభవమైనది. రెండేండ్ల క్రిందట మాఘమాసమున నందిగామలో పెండ్లి చూచుకొని, మావారును నేనును మధ్యాహ్నవేళ తిరిగి వచ్చుచుంటిమి. చిల్లకల్లు ఇంకను కొంత దూర మున్నదనగా బండి వెనుకభాగము ఒక్కమారుగా ప్రక్కకు జరిగినట్లయ్యెను. తోక నెవరో పట్టి ఊపుచున్నట్లు తూలసాగెను. మావారు బ్రేకు గట్టిగా తొక్కక, హ్యాండిలును నిటారుగా పట్టి, ఆక్సిలేటరు మెల్లగా వదలుచు అంచునకు తెచ్చిరి. మేము నిలిచిన క్షణముననే సిమెంటు లారీ యొకటి మమ్ము దాటిపోయెను. దాని గాలికి నా చీరచెంగు ఎగిరి ముఖమును కప్పెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. రెండంగుళముల మేకు వెనుక టైరులో దిగియుండెను. స్టెప్నీ వేసికొని యిల్లు చేరితిమి. ఆ రాత్రి మేమిద్దరమును ఎక్కువ మాటలాడలేదు.

మఱునాడు ఇంట సమాలోచన జరిగెను. మా అమ్మాయికి నందిగామలో ఉద్యోగము దొరికి అప్పటికి నెల కాలేదు. తాతగారి బండిమీదనే పోయివత్తునని ఆమె పట్టు. బండి అమ్మివేయుట మేలని మావారి తలంపు. "ఆయన చేతిమీద నడిచిన బండి. నేనుండగా అమ్మవద్దు నాయనా" అని మా అత్తగారు మెల్లగా అనిరి. ఆ మాటమీద ఎవరును మఱేమియు పలుకలేదు. మమకారమునకై బిడ్డను ప్రమాదమున పెట్టరాదు. క్షేమము పేర పెద్దదాని మనసు విరువనూ రాదు. బండిని నిలుపుకొనుచునే క్షేమముగా నడపు మార్గ మున్నదేమో విచారింపవలెనని నాకు తోచినది. అమ్మాయియే ట్యూబు లేని చక్రముల మాట యెత్తినది.

ట్యూబులెస్సు టైరనునది కొత్త వింత కాదు. అమెరికాలో గుడ్రిచ్చి కంపెనీవారు 1947లోనే దానిని లోకమునకు ప్రకటించిరి. అందు టైరే గాలిని పట్టియుంచును. టైరు లోపలివైపున గాలి చొరని ప్రత్యేకమైన రబ్బరు పొర యుండును. టైరు అంచులు రిమ్ము గట్టునకు గట్టిగా అదుముకొని మూతవలె నిలుచును. మేకు దిగినను ఆ మందపు రబ్బరు మేకును చుట్టి పట్టుకొనును. గాలి మెల్లమెల్లగా మాత్రమే పోవును. కొన్నిమారులు గంటలు పట్టును, కొన్నిమారులు దినములు పట్టును. దీని గొప్పతన మేమనగా పంక్చరు కాకుండుట కాదు, పంక్చరైనప్పుడు మనకు వ్యవధి నిచ్చుట. బండి బరువుగా నడచుచున్నదని గుర్తించి, ప్రక్కకు తీసి, నిలుపుకొనునంతటి వ్యవధి. చిల్లకల్లు దారిలో మాకు లేనిది అదియే. నేటి కొత్త స్కూటర్లకు పెక్కింటికి ఇట్టి టైర్లే వచ్చుచున్నవి.

అయితే పాత బండి రిమ్ము నడుమ అతుకు కలది గదా! అతుకు గుండ గాలి కారును. కావున ట్యూబు తీసివేసినంత మాత్రమున అది ట్యూబులెస్సు కాదు. విదేశములలో పాత వెస్పాలను, లాంబ్రెట్టాలను ప్రేమించువారు దీనికి ఉపాయములు కల్పించిరి. అతుకులేక ఒక్క ముక్కగా అల్యూమినియముతో పోతపోసిన రిమ్ములు మొదటివి. రెండు ముక్కలుగనే యుండి, నడుమ రబ్బరు వలయముతో గాలి కారకుండ చేసినవి రెండవవి. ఇట్టి రిమ్ములకు మఱియొక విశేష మున్నది. టైరు అంచు కూర్చుండు చోటికి లోపలివైపున చిన్న గట్టు పోసియుందురు. గాలి తగ్గినను టైరు అంచు ఆ గట్టు దాటి లోయలోనికి జారక కొంతవఱకు స్థానమున నిలుచును. పాత ఉక్కు రిమ్మునకు ఆ గట్టు లేదు. కంటికి కనబడని యీ చిన్న గట్టే, నిగనిగలాడు రంగుకంటె, వెల పెట్టదగిన వస్తువు.

ఇచ్చట నొక హెచ్చరిక. మేము విచారించుచుండగా ఒక పంక్చరు కొట్టులో పనివాడు సులభోపాయము చెప్పినాడు. కొత్త రిమ్ములకు ఖర్చేల? పాత రిమ్ము అతుకు లోపల పేస్టు పూసి, ట్యూబు తీసి, వాల్వు బిగించి యిత్తునన్నాడు. చాలమంది చేయించుకొన్నారని కూడ అన్నాడు. మావారు వలదనిరి. అది మంచిదే యైనది. ఏలయన, పేస్టు గాలిని ఆపవచ్చును గాని లేని గట్టును కల్పింపజాలదు. గతుకులలో రెండు సగములును ఇంచుక కదలిన చాలును, పేస్టు పగులును. ఆ పగులుట రహదారి నడుమ జరిగినచో, ట్యూబు ఉన్నప్పటికంటెను హీనమగును. అట్లే వేరొక బండి చక్రము తెచ్చి రంధ్రములు పెంచి తగిలించుట కూడ కూడదు. నట్ల మధ్య దూరము, చక్రము నడిరేఖ ఒక్కొక్క బండికి ఒక్కొక్క తీరున నుండును. వెండ్రుకవాసి తేడాయైనను బండి ఒక ప్రక్కకు లాగును.

తుదకు అమ్మాయి తన మొదటి జీతములనుండి సొమ్ము కూడబెట్టి, వెస్పా జాతి బండ్లకు తగిన ఒక్కముక్క రిమ్ములు రెండు తెప్పించినది. పాత స్కూటర్ల పనియే జీవితమంతయు చేసిన వృద్ధుడైన మెకానిక్కు నందిగామలో నుండగా, అతనియొద్దకు నేనును పోయితిని. ఆడవారు షెడ్డునకు వచ్చుట చూచి అతడు స్టూలు వేయించి, "కూర్చోండి అమ్మగారూ, చూస్తూ ఉండండి, అర్థం కానిది అడగండి" అన్నాడు. నేను అడిగితిని. అతడు విసుగక చెప్పినాడు. ఆ పూట నేర్చినంత నేను ఏ పుస్తకమునను నేర్వలేదు.

అతడు పాత చక్రములు విప్పు పద్ధతియే మొదటి పాఠము. చక్రమున రెండు వరుసల నట్లు కలవు: డ్రమ్మునకు బిగించునవి కొన్ని, రిమ్ము సగములను కలుపునవి కొన్ని. టైరులో గాలి యుండగా రెండవ వరుస నట్లను విప్పరాదు. లోపలి గాలి సగములను ఒక్కపెట్టున విడదన్నును. చేతులు, ముఖము పోగొట్టుకొనవచ్చును. అతడు తన కుఱ్ఱవానిచేత ముందుగా వాల్వు పిన్ను తీయించి, గాలి యంతయు పోయినదని టైరును చేతితో నొక్కి చూచి, అటుపిమ్మటనే స్పానరు పట్టనిచ్చినాడు. మీ యింటి పిల్లలెవరైన ఇట్టి బండిని తామే విప్పబోవుదురేని, ఈ ఒక్క మాట వారిచే కంఠపాఠము చేయింపుడు.

పాత రిమ్ములు విడదీయగా లోపల తుప్పు పొరలుపొరలుగా రాలినది. ఒకదాని నట్టు రంధ్రమువద్ద వెండ్రుకవంటి పగులు కనబడినది. పైకి వెండిరంగు మెరయుచుండగా లోపల ఇట్లుండునని ఎవరనుకొందురు? "టైరు మంచిదైతే చాలదండీ, అది కూర్చునే పీట మంచిదై ఉండాలి" అని అతడు నాకు ఆ పగులును చూపినాడు.

పిమ్మట కొత్త రిమ్మును టైరు లేకుండగనే డ్రమ్మునకు తగిలించి చేతితో త్రిప్పినాడు. వాల్వు ఫోర్కునకుగాని, డ్రమ్మునకుగాని తగులుచున్నదా? వెనుక సైలెన్సరుకు చోటు చాలుచున్నదా? ఇవి టైరు ఎక్కించిన పిదప చూచిన లాభములేదు. అల్యూమినియపు రిమ్ము ఉక్కు రేకుకంటె మందము. కావున డ్రమ్మునుండి వచ్చిన మరబోల్టు పొడవు చాలునా యని కొలిచినాడు. నట్టు తన మరలన్నిటితోను పట్టుకొనవలెను. రెండు మూడు చుట్లమీద నిలిచిన నట్టు దారిలో మోసము చేయును. పాతబడి మరలరిగిన నట్లను పారవేసి కొత్తవి వేసినాడు. నట్లను వరుసగా గాక, ఒకటి విడిచి ఒకటిగా, నక్షత్రము గీసినట్లు కొంచెము కొంచెముగా బిగించినాడు. ఏబది కిలోమీటర్లు నడిచిన పిదప మరల తెచ్చి బిగువు చూపించుకొనుడని చెప్పినాడు. అల్యూమినియము నట్టుక్రింద కొంచెము అణగుననియు, మొదటి దినములలో బిగువు సడలుట సహజమనియు అతడు వివరించెను.

టైరు ఎక్కించు పని చేతితో కాదు. ఒక్క ముక్క రిమ్ముమీదికి చిన్న టైరును కడ్డీలతో పెకలించితిమేని అంచు చినుగును, రిమ్ము గీరుకొనును. గీరిన చోట గాలి కారును. టైరు యంత్రము, మంచి కంప్రెసరు ఉన్న చోటికి పంపి, అంచులకు సబ్బునీళ్లు పూయించి గాలి పట్టించినాడు. టైరు అంచు గట్టు దాటి తన చోట కూర్చుండునప్పుడు టప్పుమని రెండు శబ్దములు వినవచ్చినవి. టైరు ప్రక్కన రిమ్మును ఆనుకొని సన్నని గీత యొకటి చుట్టును ఉండును. అది అంతటను సమదూరమున నున్నచో టైరు సరిగా కూర్చున్నదని గుర్తు. అటుపిమ్మట చక్రమును నీటితొట్టిలో ముంచి బుడగలు రాకుండుట చూపినాడు.

టైరును కొనునప్పుడు చూడవలసిన అక్షరములను కూడ అతడే చూపెను. టైరు ప్రక్కన ట్యూబులెస్సు అని ఆంగ్లాక్షరములు అచ్చుపడి యుండవలెను; ట్యూబు టైపని యున్నదానిని ఈ రిమ్మునకు వేయరాదు. నాలుగంకెలు ఒక గడిలో నుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని అర్థము. ఏండ్ల తరబడి అంగడిలో నిలువయున్న టైరు కొత్తదిగా కనబడినను రబ్బరు గిడసబారియుండును. పప్పు డబ్బామీద తేదీ చూచు మనకు ఇది కష్టమా? కొలత మాత్రము పాతదే యుండవలెను, చేతకునకు 3.50–10. వెడల్పు పెంచిన అందమని కొందఱందురు. కాని రిజిస్ట్రేషను కాగితములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. చట్టము మాట యటుంచినను, వెడల్పు టైరు ఫోర్కును రాచుకొనును.

ఇంత చేసినను లోపములు లేవనరాదు. ఉక్కు రిమ్ము గోతిలో పడిన వంగును. వంగినది కంటికి కనబడును. నాసి పోతపోసిన అల్యూమినియము వంగక పగులును. కావున తయారుచేసినవారి పేరు, కొలత, మోయగల బరువు రిమ్ముమీదనే పోతలో గుర్తింపబడి యున్నదానినే కొనవలెను. పేరులేని చౌకసరుకు పాత ఉక్కు రిమ్ముకంటె అపాయము. ఇంక, కుగ్రామములోని పంక్చరు కొట్టువాడు ఈ టైరును విప్పలేకపోవచ్చును. కావున మేము ప్లగ్గుల పొట్లమును, చేతిపంపును బండిలో నుంచితిమి. స్టెప్నీని కూడ తీసివేయలేదు. ప్లగ్గు ఇల్లు చేరుటకు మాత్రమే; లోపలినుండి అతుకు వేయించుటయే నిలుకడైన చికిత్స. టైరు నడుమ పట్టీలోని రంధ్రమునకే ఆ చికిత్స. ప్రక్కగోడలో చినిగిన టైరును పారవేయవలసినదే.

గాలి విషయము. వెస్పా జాతి బండ్లకు సాధారణముగా ముందు చక్రమునకు 18 పౌండ్లు, వెనుక ఒక్కరే యున్నప్పుడు 25 పౌండ్ల చుట్టుపట్ల, ఇద్దఱున్నప్పుడు 35 పౌండ్ల చుట్టుపట్ల చెప్పుదురు. మీ బండి పుస్తకములో నున్నదే ప్రమాణము. ట్యూబులెస్సునందు గాలి మెల్లగా తగ్గును గనుక తగ్గినట్లు తెలియకపోవుటయు నొక ప్రమాదమే. వ్యవధి యిచ్చునది అజాగ్రత్తకును చోటిచ్చును. మా యింట ప్రతి ఆదివారము ఉదయమున గాలి చూచుట ఇప్పుడు నా పని. అయిదు నిమిషములు పట్టును.

కొత్త చక్రములు వేసిన నాల్గవ నెలలో ఆ ఆదివారపు పరీక్షయందే వెనుక టైరున గాలి తగ్గినట్లు కనబడెను. వెదకగా చిన్న మేకు తల కనబడినది. ఆ మేకుతో అమ్మాయి ఎన్ని దినములు నందిగామకు పోయివచ్చినదో మాకు తెలియదు. మెకానిక్కు దానిని తీసి, లోపల అతుకు వేసియిచ్చినాడు. అత్తగారు ఆ మేకును చేతిలో వేసికొని చాలసేపు చూచి, బండి ప్రక్కకు పోయి సీటుమీద చేయి వేసి నిమిరిరి. రిమ్ములు మారినను బండి రూపు చెడలేదని వారికి తృప్తి కలిగినది. బండి అమ్ముమాట మావారు మరల ఎత్తలేదు.

సోదరీమణులకు నా విన్నపము స్వల్పము. అందఱును రిమ్ములు మార్పింపవలెనని నేననను. పాత ఉక్కు రిమ్ములు తుప్పు లేక, పగులు లేక, మంచి ట్యూబుతో, సరియైన గాలితో, మితమైన వేగమున నడచునేని ఊరిలో తిరుగుటకు చాలును. రహదారిమీద నిత్యము పోవలసినవారికి ట్యూబులెస్సు మేలు. అదియు రిమ్ము, టైరు, వాల్వు, నట్టు నాలుగును ఒకదానికొకటి తగినవై యున్నప్పుడే. చక్రము గుణమెట్లున్నను, వెనుక కూర్చుండువారికి పట్టుకొను పిడి, పాదము మోపు ఆధారము, చీర చక్రమున చిక్కకుండ కనీసము సగము చక్రమును కప్పు అడ్డు ఉండవలెనని 1989 కేంద్ర మోటారు వాహనముల నియమావళి 123వ నియమము విధించుచున్నది. శిరస్త్రాణము నడపువారికే కాదు, వెనుకనున్న మనకును చట్టప్రకారము అవసరమే. బండి ఎక్కుటకు ముందు ఒక్కమారు వంగి టైరును చూడుడు, నట్లు లెక్కించుడు, గాలి ఎప్పుడు కొట్టించిరని అడుగుడు. అడిగిన నవ్వుదురేమోయని సంకోచింపవలదు. మోయబడువారికి మోయు చక్రమును గూర్చి అడుగు హక్కు కలదు.